ఎక్కడ కొలిచావు?

మా గురువుగారి పేరు వేదిక మీద పెద్ద అక్షరాల్లో రాసి ఉంది. ఆ పేరు నోటితో పలకడం మాకెవరికీ అలవాటు లేదు. మాకు ఆయన మాస్టారు. ఈ ఉపన్యాసంలోనూ అలాగే అంటాను.

నేను ఆయన దగ్గర పీజీలో చేరిన ఏడాది, మొదటి ప్రయోగం ముగించి కాగితాలు పట్టుకుని ఆయన గదికి వెళ్లాను. నాలుగు పందులు. మొక్కజొన్న, సోయా చెక్క కలిపిన దాణా. ఐదు రోజులు అవి తిన్నదంతా తూచి, వేసిన పెంటంతా ఎత్తి తూచి, రెండింట్లోనూ నత్రజని ఎంతుందో చూసి లెక్క తేల్చాను. ప్రోటీన్ జీర్ణత 86 శాతం వచ్చింది. పుస్తకాల్లో ఉన్నదానికి దగ్గరగా వచ్చింది కదా అని సంతోషంగా ఉన్నాను. మాస్టారు కాగితం చివరిదాకా చదివి, “ఎక్కడ కొలిచావమ్మా?” అన్నారు. “షెడ్డులోనే సార్” అన్నాను. ఆయన లేచి బోర్డు మీద పొడవాటి గొట్టం గీశారు. ఒక కొసన నోరు, తర్వాత పొట్ట, మెలికలు తిరిగిన చిన్నపేగు, పక్కన సంచిలా అంధనాళం, లావుపాటి పెద్దపేగు, ఆ కొసన మలద్వారం. సుద్దముక్క నా చేతికిచ్చి, ఈ గొట్టంలో నువ్వు కొలిచిన చోటు గుర్తుపెట్టమన్నారు. చిట్టచివర పెట్టాను. “అయితే పందినీ, దాని పెద్దపేగులో కాపురం ఉంటున్న సూక్ష్మజీవుల్నీ కలిపి కొలిచావు. ఇందులో పందికి దక్కిందెంతో విడదీసి చెప్పగలవా?” అన్నారు.

చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడంలోనే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. ఈ సాయంత్రం మీతో పంచుకునేదీ అదే.

ముందు బస్తా మీది అంకె దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే రైతు చూసేది దాన్నే. దాణా బస్తా మీద ముడి ప్రోటీన్ ఇంత శాతం అని అచ్చువేసి ఉంటుంది. దాని వెనక 1883 నాటి పద్ధతి ఒకటి ఉంది. కోపెన్‌హాగన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ నడిపిన ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ అనే రసాయన శాస్త్రవేత్త, గింజల్లో ప్రోటీన్ ఎంతుందో తేలిగ్గా తెలుసుకోవడానికి దాన్ని కనిపెట్టాడు. నమూనాను గాఢ గంధకామ్లంలో మరిగిస్తే అందులోని నత్రజని అమ్మోనియం లవణంగా మారుతుంది. క్షారం కలిపి అమోనియాను ఆవిరిగా పట్టి, దాన్ని కొలుస్తారు. ప్రోటీన్‌లో సగటున 16 శాతం నత్రజని ఉంటుంది కాబట్టి వచ్చినదాన్ని 6.25తో గుణిస్తారు. నూట నలభై ఏళ్లు దాటినా ఈ పద్ధతి చాలా దాణా ప్రయోగశాలల్లో నడుస్తోంది. అంత నమ్మకమైన పని. కానీ అది కొలిచేది నత్రజనిని. గుణింపు కూడా అన్నిటికీ ఒకటి కాదు. అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన జోన్స్ 1931లోనే బియ్యానికి 5.95, గోధుమకు 5.83, పాలకు 6.38 అని వేరువేరుగా లెక్కకట్టి ఇచ్చాడు. దాణా వ్యాపారం మాత్రం అన్నిటికీ 6.25తోనే గుణిస్తుంది.

మాస్టారు ఈ పాఠం చెప్పేటప్పుడు బల్ల మీద మూడు సీసాలు పెట్టేవారు. ఒకదాంట్లో యూరియా. అందులో నత్రజని 46 శాతం. 6.25తో గుణిస్తే ముడి ప్రోటీన్ 287 శాతం! వంద గ్రాముల యూరియాలో 287 గ్రాముల ప్రోటీన్ ఉందని ఆ లెక్క చెబుతుంది. రెండో సీసాలో కోడి ఈకలు. వాటిలో ప్రోటీన్ 80 శాతం పైమాటే, నిజమైన ప్రోటీనే. అయితే అది కెరాటిన్. గంధకపు బంధాలతో గట్టిగా పెనవేసుకుపోయి ఉంటుంది కాబట్టి ఆవిరి పీడనంలో ఉడికించకుండా పెడితే పంది పేగు దాన్ని విప్పలేదు. మూడో సీసాలో సోయా చెక్క. మూడింటికీ కెల్డాల్ యంత్రం అంకె ఇస్తుంది. పందికి పనికొచ్చేది ఏదో ఆ అంకె చెప్పదు. ఈ లొసుగును మోసానికి వాడుకుంటే ఏం జరుగుతుందో 2008లో చైనాలో లోకమంతా చూసింది. పాలలో నీళ్లు కలిపి, తగ్గిన నత్రజనిని పూడ్చడానికి మెలమిన్ కలిపారు. మెలమిన్‌లో మూడింట రెండు వంతులు నత్రజనే. లక్షలాది పసిపిల్లలు మూత్రపిండాల జబ్బుల పాలయ్యారు. కొలమానం ఏం కొలుస్తోందో తెలియకుండా దాని మీద ధర కట్టడం ఎంత ప్రమాదమో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

సరే, అందులో ఉన్నది నిజమైన ప్రోటీనే అనుకుందాం. పంది ఒంటికి కావలసింది ప్రోటీన్ ముద్ద కాదు, అది విడిపోతే వచ్చే అమైనో ఆమ్లాలు. పది రంగుల పూసలతో దండ గుచ్చుతున్నప్పుడు ఎర్రపూస అయిపోతే, తక్కిన పూసలు దోసెడున్నా దండ అక్కడే ఆగుతుంది. మొక్కజొన్న, సోయా చెక్క తినే పందికి ఆ ఎర్రపూస లైసిన్. తర్వాత థ్రియోనిన్, మిథియోనిన్, ట్రిప్టోఫాన్ వస్తాయి. దండలో చోటు దొరకని పూసలన్నిటినీ కాలేయం విరగ్గొడుతుంది, నత్రజని యూరియాగా మూత్రంలో పోతుంది. షెడ్డులోకి అడుగుపెట్టగానే కళ్లు మండించే అమోనియా వచ్చేది అక్కడి నుంచే. అందుకే ఇప్పుడు దాణాలో ప్రోటీన్ శాతం తగ్గించి, తక్కువపడిన అమైనో ఆమ్లాలను పొడి రూపంలో విడిగా కలుపుతున్నారు. ముడి ప్రోటీన్‌ను ఒక్క శాతం పాయింటు తగ్గిస్తే పంది విసర్జించే నత్రజని సుమారు 8 నుంచి 10 శాతం తగ్గుతుంది. అలా తగ్గించే ధైర్యం కావాలంటే మాత్రం, దాణాలోని ప్రతి సరుకులోంచి ప్రతి అమైనో ఆమ్లం ఎంత పందికి దక్కుతుందో ముందు తెలియాలి.

ఇక్కడే మాస్టారు గీసిన గొట్టం అవసరమవుతుంది. ప్రోటీన్ పొట్టలో, చిన్నపేగులో విడిపోతుంది. అమైనో ఆమ్లాలు ఒంట్లోకి చేరేది చిన్నపేగు గోడల్లోంచే. మిగిలిందంతా పెద్దపేగులోకి జారుతుంది. అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు దాన్ని తింటాయి, పులియబెడతాయి, కొంతభాగంతో తమ ఒళ్లు కట్టుకుంటాయి. పెద్దపేగులో మాయమైన థ్రియోనిన్, ట్రిప్టోఫాన్ పందికి దక్కినట్టు పెంట లెక్కలో కనిపిస్తాయి. నిజానికి అవి అక్కడ విరిగి అమోనియా అవుతాయి. ఆ అమోనియాను పేగు పీల్చుకుంటుంది, మూత్రంలోంచి బయటికి పోతుంది. మిథియోనిన్ విషయంలో దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. సూక్ష్మజీవులే దాన్ని తయారు చేస్తాయి కాబట్టి, పెద్దపేగులోకి వెళ్లినదానికంటే పెంటలో ఎక్కువ కనిపించవచ్చు.

దీన్ని ఊహకు వదలకుండా తేల్చిన ప్రయోగం ఒకటుంది. 1973లో పోలండ్ పరిశోధకురాలు తెరేసా జెబ్రోవ్‌స్కా, ముందే విడగొట్టిన పాల ప్రోటీన్‌ను పందుల నోటికి కాకుండా నేరుగా చిన్నపేగు చివర లోపలికి పంపింది. నత్రజని ఒంట్లోకి ఇంకింది. ఇంకినదంతా దాదాపుగా మూత్రంలో బయటికొచ్చేసింది. కండ కట్టడానికి అది పనికిరాలేదు. ఈ ఒక్క ఫలితాన్ని మాస్టారు మాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ప్రశ్న సరిగ్గా ఎక్కడ అడగాలో తెలిసిన ఒక మనిషి, పేగులో సరైన చోట ఒక గొట్టం పెట్టి, వాదమంతా ముగించింది. ఆ తర్వాత పంది దాణా శాస్త్రం చిన్నపేగు చివరికి, అంటే ఇలియం దగ్గరికి, మకాం మార్చింది. 1970లు, 80లలో కెనడాలో విల్లెమ్ సావర్ వంటివాళ్లు, ఐరోపాలో ఇంకొందరు, ఒక్కొక్క గింజకూ ఒక్కొక్క చెక్కకూ అక్కడి అంకెలు పోగుచేశారు.

అక్కడ కొలవాలంటే అక్కడికి దారి ఉండాలి. ఆ దారి పంది ఒంట్లోంచే వేయాలి. ఈ భాగం కొంచెం నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే పట్టికలో రెండంకెల సంఖ్యను చూసినప్పుడు దాని వెనక ఏముందో మనకు గుర్తుండాలి.

పాతిక, ముప్పై కిలోల మగపందిని, విత్తులు కొట్టించినదాన్ని ఎంచుకుంటారు. ముందురోజు మేత ఆపి, మత్తు ఇచ్చి, కుడి పక్కన కోత పెడతారు. చిన్నపేగు పెద్దపేగులో కలిసేచోట కవాటం ఉంటుంది. దానికి ఓ జానెడులోపు ముందుగా, పేగుకు చిన్న గంటు పెట్టి, ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఉండే గొట్టాన్ని అమరుస్తారు. టీ అడ్డగీత పేగు లోపల ఉంటుంది. నిలువుగీత చర్మంలోంచి బయటికి వస్తుంది. దానికి బిరడా. దీన్ని టీ క్యాన్యులా అంటారు. వారం నుంచి రెండు వారాల్లో పంది కోలుకుని మామూలుగా తింటుంది, తిరుగుతుంది, మిగతావాటితో పాటే ఒళ్లు చేస్తుంది. మన దేశంలో జంతువులపై ప్రయోగాలను పర్యవేక్షించే కమిటీ 1960 నాటి చట్టం కింద ఏర్పడింది. ఆ కమిటీ అనుమతి లేకుండా ఇలాంటి పని చేయకూడదు. కాగితం మీద అనుమతి ఉన్నా, శస్త్రచికిత్స అయిన మొదటి మూడు రాత్రులు మాస్టారు ఇంటికి వెళ్లేవారు కాదు. షెడ్డు పక్క గదిలో పడుకునేవారు.

ఒక్కో దాణా వారం రోజులు. మొదటి ఐదు రోజులు పందికి అలవాటు పడటానికి. ఆరో రోజు, ఏడో రోజు సేకరణ. బిరడా తీసి, గొట్టానికి పల్చటి ప్లాస్టిక్ సంచి కడతారు. పేగులోంచి జారేది అందులో పడుతుంది. సంచి నిండగానే, లేదా ప్రతి అరగంటకు ఒకసారి, తీసి వెంటనే ఫ్రీజర్‌లో మైనస్ 20 డిగ్రీల దగ్గర పెట్టాలి. బయట ఉంచితే సూక్ష్మజీవులు తమ పని మొదలుపెడతాయి, మనం ఏ తప్పును తప్పించుకోవడానికి పందికి కోత పెట్టామో ఆ తప్పు సంచిలోనే జరిగిపోతుంది. ఇలా రోజుకు ఎనిమిది, తొమ్మిది గంటలు. ప్రతి పందీ వంతులవారీగా ప్రతి దాణానూ తింటుంది, కాబట్టి ఒక ప్రయోగం నెలల తరబడి సాగుతుంది.

మా షెడ్డులో పందులను చూసుకున్నది ఎరుకల కుటుంబంలో పుట్టిన ఒక పెద్దాయన. పందుల పెంపకం వాళ్లకు తరతరాలుగా తెలిసిన విద్య. పంది గురకలో తేడా విని, “ఈరోజు దీనికి ఒంట్లో బాగోలేదు, సంచి కట్టకండి” అని ఆయన అంటే మాస్టారు మారు మాట్లాడేవారు కాదు. థర్మామీటరు తర్వాత పెట్టి చూసేవాళ్లం. జ్వరం ఉండేది. వరాహస్వామికి మొక్కే ఊళ్లలోనే పందుల్ని పెంచేవాళ్లకు మర్యాద దక్కకపోవడం మాస్టారిని చాలా బాధపెట్టేది. మా సిద్ధాంత గ్రంథాల్లో కృతజ్ఞతలు చెప్పేచోట ఆ పెద్దాయన పేరు మొదట ఉండాలని ఆయన నియమం పెట్టారు.

సంచిలో పడేది పేగులోంచి వచ్చినదంతా కాదు. కొంత పక్కనుంచి ముందుకు జారిపోతుంది. మరి లెక్క ఎలా? అందుకు దాణాలో అరగని గుర్తు ఒకటి కలుపుతారు. ఆకుపచ్చని క్రోమిక్ ఆక్సైడ్ గాని, తెల్లని టైటానియం డయాక్సైడ్ గాని, కిలోకు నాలుగు గ్రాముల చొప్పున. ఇది అరగదు, ఇంకదు, ఎంత లోపలికి పోయిందో అంతా ముందుకు పోతుంది. కిలో ఎండు దాణాలో లైసిన్ 10 గ్రాములు, గుర్తు 4 గ్రాములు ఉన్నాయనుకోండి. ఇలియం చివర తీసినదాన్ని ఆరబెట్టి చూస్తే, కిలోకు గుర్తు 16 గ్రాములు, లైసిన్ 8 గ్రాములు. గుర్తు నాలుగింతలు చిక్కబడింది, అంటే తిన్న నాలుగు పాళ్లలో ఒక పాలే ఇక్కడిదాకా వచ్చింది. ఆ పావుకిలోలో లైసిన్ 2 గ్రాములు. పది తింటే రెండు మిగిలాయి, జీర్ణత 80 శాతం. చిన్నపిల్లలు చేసే లెక్క. దీని సొగసు నాకు ఇప్పటికీ తగ్గలేదు. ఎంత తిన్నదో, ఎంత జారిపోయిందో తూచనక్కర్లేకుండా, రెండు చోట్ల చిటికెడు నమూనాలతో పేగు పొడవునా జరిగిన పని తెలుస్తుంది.

ఫ్రాన్స్‌లో కొందరు చిన్నపేగు చివరను పురీషనాళానికి కుట్టేసి, పెద్దపేగును దారిలోంచి తప్పించి, బయటికి వచ్చినదంతా పట్టుకునే పద్ధతి ఎంచుకున్నారు. గుర్తు అవసరం తగ్గుతుంది, నిజమే. కానీ నీళ్లనూ లవణాలనూ తిరిగి పీల్చుకునే పెద్దపేగు లేని పంది మామూలు పందేనా అన్నది మాస్టారి సందేహం. నాకూ అదే సందేహం. నెదర్లాండ్స్‌లో అంధనాళాన్ని తీసేసి ఆ చోట క్యాన్యులా పెట్టారు. దాంట్లో సేకరణ బాగా జరుగుతుంది. నేను టీ గొట్టంతోనే ఉండిపోయాను.

ఇప్పుడు అసలు చిక్కు. ఇలియం చివర మిగిలిన ఆ రెండు గ్రాముల లైసిన్, అంతా దాణాదేనా? పంది తన ఇంటి సొమ్ము కొంత పేగులో పోస్తుంది. లాలాజలం, జీర్ణరసాలు, ఎంజైములు, పేగు గోడ నుంచి రాలే కణాలు, పేగుకు పూతలా ఉండే జిగురు. ఇవన్నీ ప్రోటీన్లే. చాలావరకు అరిగి తిరిగి ఇంకుతాయి, కొంత మిగిలిపోతుంది. దాన్ని కొలవడానికి పందికి పిండిపదార్థం, చక్కెర, నూనె, లవణాలు మాత్రమే పెట్టి, ప్రోటీన్ అసలే లేని దాణా మీద ఒక వారం ఉంచుతారు. అప్పుడు ఇలియం చివర కనిపించే అమైనో ఆమ్లాలన్నీ పందివే. లైసిన్ అయితే తిన్న కిలో ఎండు దాణాకు సుమారు 0.4 గ్రాములు. మన ఉదాహరణలో ఆ 0.4 తీసేస్తే దాణా వాటా 1.6 గ్రాములు. అంటే జీర్ణత 84 శాతం. మొదటిది పైకి కనిపించే జీర్ణత, రెండోది ప్రమాణీకరించిన జీర్ణత.

నాలుగు శాతమే కదా తేడా అనిపిస్తుంది. మొక్కజొన్న దగ్గరికి వచ్చి చూడండి. కిలో ఎండు మొక్కజొన్నలో లైసిన్ మూడు గ్రాములకు కాస్త తక్కువ, 2.8 అనుకుందాం. పంది పోసే 0.4 మాత్రం అదే. 2.8లో 0.4 అంటే 14 శాతం. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2012లో అచ్చువేసిన పందుల పోషకాల గ్రంథంలో మొక్కజొన్న లైసిన్‌కు పైకి కనిపించే జీర్ణత 60, ప్రమాణీకరించినది 74. సరిగ్గా ఆ పద్నాలుగే. మొక్కజొన్న చేయని నేరానికి దశాబ్దాల పాటు దానికి తక్కువ మార్కులు వేశారు. ఇంకో చిక్కు కూడా ఉంది. పైకి కనిపించే జీర్ణతలను కూడితే దాణా మొత్తానికి సరైన జీర్ణత రాదు. మొక్కజొన్నకు విడిగా కొలిచినప్పుడు పంది సొమ్ము ఒకసారి, సోయాకు కొలిచినప్పుడు ఇంకోసారి లెక్కలోకి వస్తుంది. ప్రమాణీకరించినవైతే కూడుకోవచ్చు. దాణా కలిపేవాడికి కావలసింది కూడుకోగలిగిన అంకెలే. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే హాన్స్ స్టైన్, మరికొందరు కలిసి 2007లో రాసిన సమీక్ష ఈ పదాల గందరగోళాన్ని చాలావరకు తీర్చింది. నా విద్యార్థులందరి చేతా ముందుగా చదివించేది దాన్నే.

ప్రోటీన్ లేని దాణా పద్ధతిలోనూ లోపం ఉంది. తిండిలో ప్రోటీన్ లేని పంది తన కండను కరిగించుకుంటుంది. ఆ వారంలో ప్రోలిన్, గ్లైసిన్ మామూలు కంటే చాలా ఎక్కువ కారుతాయి. ఆ రెండింటి అంకెలను అందుకే జాగ్రత్తగా చదవాలి. దాణాలో పీచు పెరిగితే పేగు జిగురు ఎక్కువ ఊరుతుంది, ఆ జిగురులో థ్రియోనిన్ దండిగా ఉంటుంది. పచ్చి సోయాలోని ట్రిప్సిన్ నిరోధకాలు కూడా పంది చేత ఎక్కువ సొమ్ము పోయిస్తాయి. ఈ అదనపు నష్టాన్ని దాణా ఖాతాలోనే రాయాలి. నష్టానికి కారణం అదే కాబట్టి ప్రమాణీకరించిన జీర్ణత ఆ పనే చేస్తుంది. అది న్యాయమైన లెక్క.

ఇంతవరకు అంతా పేగు కథ. ఇక వేడి సంగతి. మన రాష్ట్రాల రైతులకు ఇవాళ అన్నిటికంటే దగ్గరగా తగిలేది ఇదే.

నూకల నుంచీ, మొక్కజొన్న నుంచీ ఇథనాల్ తీసే ఫ్యాక్టరీలు మన దగ్గరా వచ్చాయి. గింజలోని పిండి సారాయిగా మారాక మిగిలిన పిప్పిని ఆరబెట్టి, డీడీజీఎస్ పేరుతో దాణాకు అమ్ముతున్నారు. పిండి పోయింది కాబట్టి మొక్కజొన్న పిప్పిలో ప్రోటీన్ మూడింతలకు పైగా చిక్కబడుతుంది. బస్తా మీద ప్రోటీన్ శాతం ఘనంగా ఉంటుంది, సోయా కంటే చవక. కొనేవాడు ఆ అంకె చూసే కొంటాడు. కానీ తడి పిప్పిని, దాంట్లో మిగిలిన చక్కెరలతో సహా, మంట పెట్టిన డ్రమ్ములో ఆరబెట్టేటప్పుడు రొట్టె కాలినప్పుడు రంగెక్కించే చర్యే జరుగుతుంది. లైసిన్ అణువుకు ఒక పక్కన స్వేచ్ఛగా ఉండే అమైనో గుంపు చక్కెరను పట్టుకుంటుంది. ఆ పట్టు పడ్డ లైసిన్‌ను పంది వాడుకోలేదు. నత్రజని ఎక్కడికీ పోలేదు, కెల్డాల్ అంకె మారదు. లైసిన్ మాత్రం పోయింది. స్టైన్ బృందం 2006లో పది మొక్కజొన్న డీడీజీఎస్ నమూనాలను క్యాన్యులా పెట్టిన పందుల్లో కొలిస్తే, లైసిన్ ప్రమాణీకృత జీర్ణత 44 నుంచి 63 శాతం దాకా పలికింది. అదే గింజ, అదే పేరు, అదే బస్తా. ఆరబెట్టినవాడి చెయ్యి మారింది, అంతే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అమైనో ఆమ్లాలు కొలవడానికి నమూనాను 6 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 110 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉడికిస్తారు. చక్కెర పట్టిన లైసిన్‌లో కొంత ఆ ఆమ్లంలో విడిపోయి మంచి లైసిన్‌లా కనిపిస్తుంది. పంది పేగులో అంత ఆమ్లం లేదు. అంటే యంత్రం చూపిన లైసిన్‌లో కొంత పందికి లేనే లేదు. ఈ చిక్కును కెన్నెత్ కార్పెంటర్ 1960లో పసిగట్టి, స్వేచ్ఛగా ఉన్న లైసిన్‌ను మాత్రమే పట్టుకునే రసాయనంతో కొలిచాడు. తర్వాత న్యూజిలాండ్‌లో పాల్ మోగన్, షేన్ రదర్‌ఫర్డ్ కలిసి 1996లో, స్వేచ్ఛగా ఉన్న లైసిన్‌ను హోమోఆర్జినిన్‌గా మార్చి, ఇలియం చివర కూడా దాన్నే వెతికే పద్ధతి తెచ్చారు. వేడి తగిలిన సరుకుకు ఇదే సరైన పద్ధతి అని నా నమ్మకం.

రైతు దగ్గర ఇవేవీ ఉండవు. ఒక పని చేయవచ్చు. ప్రయోగశాల కాగితంలో లైసిన్ శాతాన్ని ముడి ప్రోటీన్ శాతంతో భాగించి వందతో గుణించాలి. మొక్కజొన్న డీడీజీఎస్‌లో అది 2.8 కంటే తక్కువైతే పందులకు పెట్టవద్దని ఈ రంగంలో ఒక గీత గీశారు. మాడిన సరుకులో ప్రోటీన్ నిలబడి లైసిన్ తరిగిపోతుంది కాబట్టి ఈ నిష్పత్తి అబద్ధం చెప్పదు. ఒకసారి ఒక రైతు రెండు బస్తాల నమూనాలు తెచ్చాడు. ఒకటి పసుపు, ఒకటి కాఫీపొడి రంగు. నల్లనిదాంట్లో ప్రోటీన్ ఒక పాయింటు ఎక్కువ, అందుకని దానికి ఎక్కువ ధర పెట్టి కొన్నాడు. మూడు నెలలుగా పందులు ఎదగడం లేదు. జబ్బేమోనని మందులకు కూడా ఖర్చుపెట్టాడు. కాగితం మీద నిష్పత్తి వేసి చూపించినప్పుడు ఆయన ముఖం చూడలేకపోయాను. అలాంటి నష్టం ఎవరి మీద పడుతుందో మాస్టారికి తెలుసు కాబట్టే అంకెల విషయంలో అంత కఠినంగా ఉండేవారు.

డెన్మార్క్‌లో బోయిసెన్, ఫెర్నాండెజ్ 1995లో, పెప్సిన్, ప్యాంక్రియాటిన్ ఎంజైములతో గాజు ఫ్లాస్కులోనే ఇలియం జీర్ణతను అంచనా కట్టే పద్ధతి ఇచ్చారు. పందులకు కోతలు తగ్గుతాయని మాస్టారు దాన్ని ఎంతో ఇష్టంగా మా దగ్గర మొదలుపెట్టించారు. ఫ్లాస్కు తన సొమ్ము పోయదు కదా, ఆ లెక్క మాత్రం పంది దగ్గరే తెలుసుకోవాలి.

పంది దగ్గర నేర్చుకున్నది మనిషి కంచం దాకా వచ్చింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2011లో ఆక్లాండ్‌లో నిపుణులను కూర్చోబెట్టి, మనిషి తిండిలో ప్రోటీన్ నాణ్యతను ఎలా కొలవాలో చర్చించింది. నివేదిక 2013లో వచ్చింది. పెంటలో, మలంలో కొలిచే పాత పద్ధతి వద్దు, ఒక్కో అమైనో ఆమ్లాన్ని ఇలియం చివర కొలవండి, మనిషిలో కుదరకపోతే పెరిగే పందిలో కొలవండి, అదీ కుదరకపోతే ఎలుకలో అని అందులో సిఫారసు చేశారు. పంది పేగు మన పేగుకు అంత దగ్గర. ఇల్లినాయ్‌లో 2014లో ఎనిమిది ధాన్యాలను పందుల్లో ఇలా కొలిచారు. వాటిలో తెల్ల బియ్యానికి 64, జొన్నకు 29 మార్కులు వచ్చాయి. జొన్నరొట్టె మీద పెరిగిన తెలంగాణ మిత్రులు నొచ్చుకోవద్దు. రెండు ధాన్యాల్లోనూ తరుగు లైసిన్‌దే. జొన్నలోని కఫిరిన్ అనే ప్రోటీన్‌లో లైసిన్ దాదాపు ఉండదు, పైగా తడిగా ఉడికితే ఇంకా బిగుసుకుంటుంది. మనం రొట్టెను ఒట్టిగా తినం. పప్పుతో తింటాం. కందిపప్పులో లైసిన్ నిండుగా ఉంది, దానికి తక్కువపడే మిథియోనిన్ ధాన్యంలో ఉంది. మా అమ్మ అన్నంలో పప్పు కలిపి ముద్దలు పెట్టినప్పుడు చేసింది నేను షెడ్డులో కంప్యూటరు మీద పందికి చేసే పనే.

మనుషుల్లో గొట్టాలు పెట్టకుండా కొలిచే దారిని బెంగళూరు సెయింట్ జాన్స్‌లో సరితా దేవి, అనూర కుర్పాడ్ బృందం 2018లో చూపించింది. రెండు రకాల స్థిర ఐసోటోపుల గుర్తులు వేసి, ఒకటి పప్పులోని ప్రోటీన్‌కు, ఇంకోటి జీర్ణత ముందే తెలిసిన ప్రోటీన్‌కు, రక్తంలో రెండింటి నిష్పత్తి చూస్తారు. ఆ వ్యాసం వచ్చినప్పుడు మాస్టారు రిటైరై చాలా ఏళ్లయింది, చూపు మందగించింది. నేనే వెళ్లి చదివి వినిపించాను. పద్ధతి చెప్పే భాగం రెండుసార్లు చదవమన్నారు. “రక్తంలో పట్టారన్నమాట. పేగు దాటి ఇంకిన తర్వాత” అని చాలాసేపు కళ్లు మూసుకుని కూర్చున్నారు. తర్వాత, ఇంకాక కాలేయం ఎంత తినేస్తోందో, పేగు గోడే ఎంత వాడేసుకుంటోందో దీంతో విడదీయగలమా అని అడిగారు. నేను ఆలోచించి చెబుతానన్నాను.

ఆ రోజు వచ్చేముందు ఆయన బీరువాలోంచి పాత నోటుపుస్తకం తీసి నాకిచ్చారు. మా మొదటి క్యాన్యులా ప్రయోగానిది. పంది నంబరు, సంచి కట్టిన సమయం, విప్పిన సమయం, బరువు, ప్రతి అరగంటకూ ఒక వరస. చేతిరాత కొన్నిచోట్ల ఆయనది, కొన్నిచోట్ల నాది. చదవడం రాని పెద్దాయన సంచి మార్చిన చోట పెన్సిలుతో నిలువు గీత ఒకటి. ఏడో తారీఖు సాయంత్రం 5 గంటల వరస దగ్గర పంది నంబరు మూడు, సంచి ఖాళీ అని ఉంది. దాని పక్కన పెన్సిలు గీత. కింద మాస్టారి చేతిరాత: “దీనికి ఒంట్లో బాగోలేదు. ఈరోజు అంకె తీసుకోవద్దు.”